ఒకే తీగకు రెండు స్వభావాలు

బ్యాటరీ పనిలోకి వచ్చిన కుర్రాడికి మేస్త్రి మొట్టమొదట నేర్పే నిషేధం ఒకటుంది: రెండు జాతుల బ్యాటరీలు కలపొద్దు. పాతదాంతో కొత్తది కలపొద్దు, చిన్నదాంతో పెద్దది కలపొద్దు, లెడ్ యాసిడ్‌తో లిథియం అసలే కలపొద్దు. కంపెనీవాళ్లు ఇచ్చే కాగితంలోనూ ఈ మాటే ఉంటుంది. ఇది మంచి నియమం. దీన్ని పట్టించుకోని బండ్లు మా షాపుకి వస్తుంటాయి. తీగల తొడుగు కరిగిపోయి ఉంటుంది, పెట్టెలు ఉబ్బి ఉంటాయి. అయినా ఒక ఖర్జూరపు తోట బండిలో ఆ రెండింటినీ కలిపే పని నా చేతికి వచ్చింది. ఆ పని చేస్తున్నంతసేపూ నన్ను పట్టుకున్న ప్రశ్న బ్యాటరీలతో తీరేది కాదు. స్వభావంలోనే వేరైన రెంటిని ఒకే బరువుకు కట్టడం ధర్మమేనా? కడితే వాటిలో ఒకటి రెండోదానిలా మారిపోవాలా? మారకుండానే కలిసి బతికే దారి ఉందా?

పరాయి నేల మీద, నానా భాషలవాళ్లతో, నానా దేవుళ్లను కొలిచేవాళ్లతో ఒకే గదిలో పడుకుని లేచే నాలాంటివాడికి ఇది పండితుల చర్చ కాదు. పొద్దున లేస్తే ఎదురయ్యే సంగతి.

మాది తిరుపతి పక్కన, రేణిగుంట నుంచి కడప పోయే రోడ్డు మీది ఊరు. అదే రోడ్డులో కరకంబాడి దగ్గర అమర రాజా వాళ్ల బ్యాటరీ ఫ్యాక్టరీ ఉంది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఏదో ఒక ఇంట్లో ఆ షిఫ్టుకి పోయేవాళ్లుంటారు. లెడ్ ప్లేట్లు, యాసిడ్, డిస్టిల్డ్ వాటర్ అన్నవి మాకు చిన్నప్పటి నుంచి చెవిన పడ్డ మాటలు. అదే కంపెనీ 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. అంటే ఒకే ఇంట్లో రెండు తరాలు ఇప్పుడు కలిసే ఉన్నాయి. నేను ఐటీఐ చదివి, మస్కట్‌లో వాదీ కబీర్ పారిశ్రామిక వాడలో ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసే షాపులో కుదురుకున్నాను. ఫోర్క్‌లిఫ్టు అంటే సగం బ్యాటరీయే.

మస్కట్ నుంచి నిజ్వా పోయే దారిలో, జబల్ అఖ్దర్ కొండ ఎక్కడం మొదలయ్యే చోట, బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరుంది. అక్కడ తోట ఉన్న ఒక పెద్దాయన మా షాపుకి పాత ఖాతాదారు. అందరం ఆయన్ని అర్బాబ్ అనే పిలుస్తాం. ఆయన దగ్గర ఇంజిన్ పోయిన పాత పికప్ ఒకటి ఉండేది. అది రోడ్డెక్కే బండి కాదు. ఖర్జూరం పెట్టెలు, ఎండు మట్టలు, పశువుల మేత మోస్తూ తోటలోనే తిరుగుతుంది. దానికి మేం ఫోర్క్‌లిఫ్టు మోటారు బిగించి, 12 వోల్టుల లెడ్ బ్యాటరీలు ఆరింటిని వరసగా కలిపి 72 వోల్టులతో నడిపించాం. బాగానే నడిచింది. కానీ లెడ్ బరువు. కిలోకి 30, 40 వాట్ అవర్లకు మించి ఇవ్వదు. పైగా ఎండ దానికి శత్రువు. 25 డిగ్రీల మీద ప్రతి ఎనిమిది పది డిగ్రీలకు దాని ఆయుష్షు సగం పడిపోతుందని మా పనిలో అందరికీ తెలిసిన లెక్క. నిజ్వా వైపు ఎండాకాలంలో 45 మామూలు. తోట చివర గట్టు ఎక్కేటప్పుడు బండి నీరసించేది. అప్పుడు అర్బాబ్ 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు కొన్నాడు. అంతకు మించి కొనే స్తోమత ఆ ఏడు లేదు. లెడ్‌వి ఇంకా సత్తువ ఉన్నవి. తీసి తుక్కుకి వెయ్యడం ఆయనకు ఇష్టం లేదు.

మా షాపులో జగిత్యాల కుర్రాడొకడు నాకు సాయం చేస్తాడు. “అన్నా, గింత తిప్పలెందుకు? పాతయి తీసి పారేస్తే అయిపాయె గదా” అన్నాడు. ఆ మాట ఈ కాలపు మాట. కొత్తది వచ్చిందంటే పాతది అడ్డమనే అనుకుంటాం. పాతదే పరమ పవిత్రం, కొత్తదాన్ని గడప తొక్కనివ్వొద్దు అనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటల్లోనూ ఒకే భయం ఉంది: ఇద్దరికి చోటు లేదన్న భయం. ఉందో లేదో తేల్చాలంటే ముందు ఎలా కలుపుతున్నామో చూడాలి.

బ్యాటరీలను కలపడానికి రెండు దారులు. ఒకటి సీరీస్, ఒకదాని వెనక ఒకటి. ఇందులో గొలుసులో ఉన్న ప్రతి సెల్లులోంచీ ఒకే కరెంటు పారాలి. బలమున్నదాంట్లోంచి నూరు ఆంపియర్లు పోతే బలం లేనిదాంట్లోంచీ నూరే పోవాలి. పైకి చూస్తే ఇంతకన్నా సమానత్వం ఇంకేముంటుంది అనిపిస్తుంది. కానీ బలహీనమైన సెల్లు ముందు ఖాళీ అయిపోతుంది. మిగతావి ఆగవు కదా, ఖాళీ అయినదాంట్లోంచి కూడా కరెంటును తోస్తూనే ఉంటాయి. చివరికి దాని ప్లస్సు మైనస్సుగా తిరగబడి ఆ సెల్లు చచ్చిపోతుంది. దాన్ని ఎవరూ పనిగట్టుకుని చంపలేదు. అందరికీ ఒకే బరువన్న నియమమే చంపింది. మేస్త్రి చెప్పే నిషేధం సీరీస్ విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజం. అక్కడ జాతులు కలిపితే పాపమే.

రెండోది ప్యారలల్, పక్కపక్కన. ఇందులో ప్లస్సులన్నీ ఒక బస్‌బార్‌కి, మైనస్సులన్నీ మరొక బస్‌బార్‌కి. ఇక్కడ అందరికీ ఉమ్మడిగా ఉండాల్సింది వోల్టేజీ ఒక్కటే. ఎవరు ఎంత కరెంటు ఇస్తారన్నది ఎవరూ శాసించరు. లోపల ఉన్న బలమెంత, లోపలి అడ్డు ఎంత అన్నదాన్ని బట్టి అది దానంతటదే తేలుతుంది. శక్తి ఉన్నది ఎక్కువ మోస్తుంది, లేనిది తక్కువ మోస్తుంది, ఇద్దరూ ఒకే మట్టానికి కట్టుబడి ఉంటారు. సంసారాల్లో, సంఘాల్లో, దేశాల్లో మనం సమానత్వం పేరుతో చాలాసార్లు సీరీస్ కడుతుంటాం. ఒకే నోము, ఒకే నడవడి, ఒకే మోతాదు అందరికీ. బలహీనుడు కూలిపోతే వాడి భక్తి చాలలేదంటాం. నిజానికి తప్పు వాడిది కాదు, కట్టిన పద్ధతిది.

అయితే ప్యారలల్‌లో కట్టేస్తే చాలు అనుకోవడానికీ లేదు. ఉమ్మడి మట్టం కుదరాలి. లెడ్ బ్యాటరీ ఒక్కోదాంట్లో ఆరు సెల్లులుంటాయి కనక మా బండిలో మొత్తం 36. ఛార్జి చేసేటప్పుడు ఒక్కో సెల్లుకి 2.4 వోల్టులు లెక్కన 86.4 కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు 3.65 వోల్టులు దాటితే పాడవుతుంది. 23 సెల్లులు పెడితే ఒక్కోదాని మీద 3.75 పైనే పడుతుంది, హద్దు దాటింది. 24 పెడితే సరిగ్గా 3.6, హద్దు లోపల. అంటే ప్రతి ఆరు లెడ్ సెల్లులకు నాలుగు లిథియం సెల్లులు. ఈ పొత్తు ఎవరూ ముందుగా అనుకుని కుదిర్చింది కాదు. లెడ్ బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టాడు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గురించి టెక్సస్ విశ్వవిద్యాలయంలో గుడెనఫ్, పాఢి తదితరులు 1997లో ప్రచురించారు. మధ్యలో నూటముప్పయ్యెనిమిదేళ్లు. ఇంత దూరంలో పుట్టిన రెండు రసాయనాలు ఒక మట్టం దగ్గర కలవగలిగాయి. పైగా ఎండలో లెడ్‌కి ఛార్జింగ్ వోల్టేజీ తగ్గించాలి, డిగ్రీకి సెల్లుకి నాలుగు మిల్లీవోల్టుల లెక్కన. 45 డిగ్రీల దగ్గర 86.4 కాస్తా 83.5కి దిగుతుంది. అప్పుడు లిథియం మీద 3.5 కూడా పడదు, దానికి ఇంకా సుఖం. ఒమాన్ ఎండ లెడ్‌ని బాధపెడుతూనే ఇద్దరి మధ్య దూరాన్ని తగ్గించింది.

కలిపే క్షణం అన్నిటికన్నా ప్రమాదం. నిండుగా ఉన్న లిథియం 80 వోల్టుల దగ్గర ఉంటుంది, లెడ్ ఎంత నిండినా 76 చిల్లర. నేరుగా తీగ ఆనిస్తే ఆ తేడా అంతా ఒక్కసారిగా ఉరుకుతుంది, పానా కొన కరిగిపోయేంత. అందుకని మధ్యలో ఒక హెడ్‌లైటు బల్బు పెట్టాం. లగ్‌కి తీగ ఆనించగానే బల్బులో పోగు ఎర్రగా వెలిగింది. అర్బాబ్, జగిత్యాల కుర్రాడు, నేను ముగ్గురం వంగి చూస్తున్నాం. వెలుగు కొంచెం కొంచెం తగ్గి, పోగు నల్లబడింది. అప్పుడు మీటరు పెట్టి చూస్తే రెండు వైపులా ఇంచుమించు ఒకటే అంకె. అప్పుడు గానీ బోల్టు బిగించలేదు. కొత్త కోడలు అడుగుపెట్టిన ఇంట్లోనైనా, రెండు మతాలవాళ్లు చేరిన వీధిలోనైనా తొలిరోజుల్లో మధ్య నిలబడి కొంత వేడిని తన మీద వేసుకునే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి లేని చోట జరిగే నష్టాన్ని మనం మతాల మీదకి నెడతాం.

బండి కదిలాక రెండు తీగలకూ క్లాంప్ మీటర్లు తగిలించి నేను పక్కన కూర్చున్నాను. చదును దారిలో మోటారు 60 ఆంపియర్లు లాగుతుంటే మొత్తం లిథియమే ఇస్తోంది, లెడ్ వైపు మీటరు సున్నా దగ్గరే ఉంది. గట్టు ఎక్కేటప్పుడు 200 దాకా పోయింది. అప్పుడు లిథియం మట్టం దిగింది, లెడ్ అందుకుంది: ఇటు సుమారు 140, అటు సుమారు 60. గట్టు మీద బండి ఆపగానే లెడ్ వైపు మీటరులో అంకె ముందు మైనస్ గుర్తు వచ్చింది. గట్టు మీద లెడ్ పెట్టిన ఖర్చును లిథియం తిరిగి నింపుతోంది.

ఆ మైనస్ గుర్తు దగ్గర నా మనసు చాలాసేపు ఆగిపోయింది. లిథియం రోజువారీ పనంతా మోస్తోంది. అది దానికి భారం కాదు. అలా కొన్ని వేల సార్లు ఖాళీ అయి నిండగలదు. లెడ్‌ని రోజూ అడుగంటా వాడితే కొన్ని వందల సార్లకే అయిపోతుంది. దాని బలం నిండుగా ఉండి అవసరానికి ఆదుకోవడంలో ఉంది. ఇంకొక సంగతి. లిథియం ప్యాకు మీద బీఎంఎస్ అనే కాపలా సర్క్యూటు ఉంటుంది. ఒక్క సెల్లు హద్దు దాటినా అది మొత్తం ప్యాకుని చటుక్కున తెంపేస్తుంది. తనను తాను కాపాడుకోవడం దాని ధర్మం, తప్పు పట్టలేం. కానీ సరుకుతో గట్టు మీద ఉన్న బండికి ఆ క్షణంలో ఎవరు దిక్కు? లెడ్‌కి అలాంటి తలుపు లేదు. వోల్టేజీ దిగుతూ దిగుతూ అయినా ఇస్తూనే ఉంటుంది, బండిని మెల్లగా ఇంటికి చేరుస్తుంది. ఫ్యాక్టరీలో తయారయ్యే ఎలక్ట్రిక్ కార్లలోనూ ఇలాంటి ఏర్పాటే చాలాకాలం నడిచింది. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో కింద అంత పెద్ద లిథియం ప్యాకు ఉన్నా, బానెట్ కింద ఒక చిన్న 12 వోల్టుల లెడ్ బ్యాటరీ ఉంటుంది. పెద్ద ప్యాకుని మోటారుకి కలిపే కాంటాక్టర్లు అనే స్విచ్చులను మూసేది ఆ చిన్నదే. అది చచ్చిపోతే పెద్దది నిండుగా ఉన్నా బండి మేలుకోదు. రోజూ పని చేసేదే గొప్పది, ఊరికే ఉన్నట్టు కనపడేది దండగ అనే తీర్పుని ఈ రెండు బ్యాటరీలూ ఒప్పుకోవు.

ఇక్కడిదాకా కథ సుఖంగానే ఉంది. చిక్కు తిండి దగ్గర వస్తుంది.

లెడ్ బ్యాటరీ ఇచ్చినప్పుడల్లా తన ఒంటినే మార్చుకుంటుంది. రెండు ప్లేట్లూ లెడ్ సల్ఫేట్ అయిపోతాయి. వెంటనే తిరిగి నింపకపోతే ఆ సల్ఫేట్ గట్టిపడి పలకల మీద పేరుకుంటుంది, ఇక కరగదు. అందుకే దానికి పూర్తిగా నిండాలి, గంటల తరబడి నిదానంగా నిండాలి, నిండాక కూడా సన్నగా అందుతూనే ఉండాలి. లిథియం అలా కాదు. అందులో అయాన్లు గ్రాఫైట్ ఇంటి నుంచి ఐరన్ ఫాస్ఫేట్ ఇంటికి పోయి, మళ్లీ వస్తాయి. ఇళ్లు అలాగే ఉంటాయి. దానికి సగం కడుపుతో ఉండటమే ఆరోగ్యం. ఎండలో నిండుగా నిలబెట్టి ఉంచితే ముసలిదైపోతుంది. ఒకరికి ప్రాణం పోసేది ఇంకొకరి ఆయువు తీస్తుంది. ఇద్దరినీ రాత్రంతా ఒకే ఛార్జర్‌కి వదిలేస్తే, ఆ ఛార్జర్ లెడ్‌కి నచ్చేదైతే లిథియం పాడవుతుంది, లిథియానికి నచ్చేదైతే లెడ్ గట్టిపడిపోతుంది.

మన పంక్తి భోజనాల్లో అందరూ తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదంటారు. మనుషుల మధ్య అది మర్యాద. ఈ బండిలో ఆ మర్యాద చెల్లదు. ఇద్దరికీ కలిపి వడ్డించడం మొదలుపెట్టాం. లిథియం నిండగానే కాంటాక్టర్ తెరుచుకుని అది పంక్తిలోంచి లేస్తుంది. ఆ తర్వాత లెడ్ ఒక్కటే గంటల తరబడి తన తీరున తింటుంది. ఆపైన చిన్న ఛార్జర్ దాన్ని నిండుగా నిలబెడుతుంది. పొద్దున బండి తీసే ముందు మళ్లీ రెంటినీ ఆ హెడ్‌లైటు బల్బు ద్వారా మట్టం చూసి కలుపుతాం. దీనికి కాంటాక్టర్, అదనపు ఛార్జర్, తీగలు, రెండు మీటర్లు, వీటన్నిటి ఖర్చు ఉంది. లెడ్‌లో వేసిన కరెంటులో కొంత వేడిగా పోతుంది, వేసినంతా తిరిగి రాదు. ఆ ఖర్చు అర్బాబ్ పెట్టాడు. ఖర్చు లేని కలయిక ఏదీ నేను చూడలేదు. ఎక్కడైనా చూశామని అనుకుంటే, ఆ ఖర్చు ఒక్క పక్షమే నోరెత్తకుండా భరిస్తోందని అర్థం.

ఈ తిండి సంగతి తేలిన రోజు నాకు మా శ్రీకాళహస్తి గుర్తొచ్చింది. మా ఇళ్లలో పిల్లలందరికీ తెలిసిన కథ. స్వర్ణముఖి ఒడ్డున ఒక లింగం. పాము ఒకటి రాత్రిపూట వచ్చి మణులతో ఆ లింగాన్ని అలంకరించేది. ఏనుగు ఒకటి తొండంతో నీళ్లు తెచ్చి, ఆ మణులను కడిగేసి, బిల్వపత్రాలు పెట్టేది. పాముకి ఆ ఆకులు చెత్తలా కనపడ్డాయి. ఏనుగుకి ఆ మణులు రాళ్లలా కనపడ్డాయి. చివరికి పాము ఏనుగు తొండంలో దూరింది, ఏనుగు తలను కొండకేసి బాదుకుంది, రెండూ చచ్చిపోయాయి. శివుడు రెంటికీ మోక్షం ఇచ్చాడని చెప్పి కథ ముగిస్తారు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోనూ ఈ కథ ఉంది. మోక్షం దొరికిందన్న సంతోషంలో మనం ఒక సంగతి దాటేస్తాం. ఆ ఇద్దరిలో భక్తి తక్కువైనవారు లేరు. ఇద్దరి పూజనూ దేవుడు ఒప్పుకున్నాడు. అయినా చంపుకున్నారు. ఒకే లింగం దగ్గర, వేళలు విడదీసే ఏర్పాటు ఏదీ లేకుండా, ఒకరి నైవేద్యం ఇంకొకరికి మైల అయ్యింది. భక్తి ఎంత పెరిగితే అంత కోపం పెరిగింది. మతాల మధ్య గొడవలకు భక్తి లేకపోవడమే కారణమని అనేవాళ్లు ఈ కథను ఇంకొకసారి తలుచుకోవాలి.

అదే కొండ మీద రెండో కథ ఉంది, తిన్నడిది. వేటగాడు తిన్నడు తాను రుచి చూసిన మాంసం తెచ్చి లింగం ముందు పెడతాడు. ఆగమం ప్రకారం పూజ చేసే అర్చకుడు పొద్దున వచ్చి, ఎముకలూ మాంసమూ చూసి గుండె పగిలి, అంతా కడిగి శుద్ధి చేస్తాడు. ఇక్కడా ఒకరి నైవేద్యం ఇంకొకరికి మైలే. కానీ ఇక్కడ ఎవరూ ఎవరినీ చంపలేదు. ఎందుకని? దేవుడు అర్చకుణ్ణి చాటుగా ఉండి చూడమన్నాడు. లింగం కంట్లోంచి రక్తం కారితే తిన్నడు తన కన్ను పెకలించి పెట్టడం అర్చకుడు కళ్లారా చూశాడు. పాము ఏనుగునీ, ఏనుగు పామునీ చివరిరోజు దాకా చూడలేదు. రెండోవాడు పూజ చేసి వెళ్లాక మిగిలిపోయినదాన్నే చూశాయి. మనం పరాయి మతాన్ని ఎప్పుడూ దాని మిగులును బట్టే తూస్తాం: వీధిలో మైకు, రోడ్డు మీద జనం, పక్కింటి వంట వాసన. ఆ మనిషి ప్రార్థనలో ఉండగా ఎలా ఉంటాడో చూడం. నేను రెండు తీగలకూ వేరువేరు మీటర్లు పెట్టింది కూడా ఇందుకే. ఒకే మీటరు ఉంటే మొత్తం కరెంటు కనపడుతుంది, ఎవరేం మోస్తున్నారో కనపడదు. అప్పుడు ఎవరో ఒకరు దండగ అనిపిస్తారు.

ఒమాన్‌లో నాకు నచ్చిన సంగతి ఈ చూడటమే. ఇక్కడివాళ్లలో ఇబాదీలు చాలామంది. సున్నీలూ ఉన్నారు, షియాలూ ఉన్నారు. మా షాపు పక్క మసీదులో ఇబాదీ ఒమానీ చేతులు కిందకి వదిలి నిలబడతాడు. అతని భుజం ఆనుకుని మా షాపు పాకిస్తానీ వెల్డరు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఒకే వరస, ఒకే ఇమాము. చెయ్యి ఎక్కడ పెట్టాలన్నది మార్చుకోమని ఒకరినొకరు అడగరు. నేను షట్టరు దగ్గర నిలబడి అది చూస్తుంటాను. మాకు పాత మస్కట్‌లో రాజమందిరం దగ్గరే శివాలయం ఉంది, దార్సైత్‌లో కృష్ణుడి గుడి ఉంది. మా కేరళ మేస్త్రి రూవీలో చర్చికి పోతాడు. శుక్రవారం సెలవునాడు ఎవరి తిండి వాళ్లకి దొరుకుతుంది. శనివారం సెలవైనా అర్జెంటు పని పడితే అందరం ఒకే ఫోర్క్‌లిఫ్టు కింద దూరతాం.

ఇక్కడ నిజం చెప్పాలి. మా పూజలు, క్రైస్తవుల ప్రార్థనలు అనుమతి ఉన్న ప్రాంగణాల గోడల లోపలే జరగాలి. వీధిలో ఊరేగింపు ఉండదు. మా ఊరి తిరునాళ్లకు అలవాటుపడ్డవాడికి ఇది లోటే. ఈ గోడ కలయికా, విడదీతా అని మిత్రులు అడుగుతారు. నా పని నాకు నేర్పిన జవాబు ఇది: కాంటాక్టర్ ఎప్పుడూ తెరిచే ఉంటే అది కలయిక కాదు, రెండు బ్యాటరీలు ఒకే బండిలో పరాయివాళ్లుగా పడి ఉన్నాయంతే. ఎప్పుడూ మూసే ఉంటే ఒకటి చస్తుంది. గోడ తిండి వేళకు కావాలి, పని వేళకు ఉండకూడదు. పని వేళకూ గోడ పెట్టిన చోట అన్యాయం ఉంది. ఒకే పనికి దేశాన్ని బట్టి వేరువేరు జీతాలు, మతాన్ని బట్టి అద్దె ఇల్లు ఇవ్వకపోవడం, కులాన్ని బట్టి గ్లాసు వేరు చెయ్యడం అలాంటివే. వీటిలో మొదటిది గల్ఫులో ఉంది, మిగతా రెండూ మన ఊళ్లలో ఉన్నాయి.

బిర్కత్ అల్ మౌజ్‌లో ఫలజ్ అల్ ఖత్మైన్ అనే పురాతన నీటి కాలువ ఉంది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన ఐదు ఫలజ్‌లలో అదొకటి. ఈ నేలలో ఫలజ్ నీటిని కొలిచేది లీటర్లలో కాదు, సమయంతో. ఒక వాటాని అథర్ అంటారు, సుమారు అరగంట. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతు మారేది. మసీదుకీ వాటాలుంటాయి. కరువు వస్తే ఖర్జూరపు చెట్లకు ముందు, ఏటేటా వేసే పైర్లకు మిగిలితేనే. చెట్టు చస్తే తరం పోతుంది, పైరు పోతే ఒక కాలం పోతుంది. నీరు ఒక్కటే, కాలువా ఒక్కటే. అయినా ఎవరి దాహం ఎలాంటిదో తెలుసుకుని వంతు కట్టారు. బండి ఏర్పాటంతా విన్నాక అర్బాబ్ హిందీలో ఒకే మాట అన్నాడు, “ఇది ఫలజ్ లెక్కే కదా” అని. ఆ లెక్క ఆయన రక్తంలో ఉంది. అందుకే అదనపు ఛార్జరు ఖర్చుకి వెనకాడలేదు. పాముకీ ఏనుగుకీ లేకపోయింది ఈ వంతే.

అన్ని మతాలూ ఒకటే అనే మాటను నేను గౌరవంగానే పక్కన పెడతాను. టెర్మినల్ దగ్గర మీటరు పెడితే రెండు బ్యాటరీలూ ఒకటే అంకె చూపిస్తాయి, నిజమే. ఆ అంకెను చూసి లోపలా ఒకటే అనుకుని, లిథియం పెట్టెలో డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఏమవుతుంది? అద్వైతం చెప్పే ఏకత్వం నాకు నమ్మకమే. కానీ అది ఈ పెట్టెలు పెట్టెలుగా ఉన్నంత కాలం వాటి తేడాని చెరిపెయ్యమని చెప్పిందని నేను అనుకోను. స్వధర్మం అన్నది ఎందుకు ఉంది మరి? అలాగని మతాలు ఎన్నడూ కలవవు, వేరుగా ఉండటమే క్షేమం అనేవాళ్ల మాటా ఒప్పుకోను. మట్టం ఒక్కటి కుదిరితే చాలు. మనుషుల మధ్య ఆ మట్టం ఏది? నా అనుభవంలో అది మాట మీద నిలబడటం, తూకంలో మోసం చెయ్యకపోవడం, కష్టంలో ఉన్నవాడి మతం అడక్కుండా చెయ్యి అందించడం. దానికి తక్కువైన భక్తిని ఏ దేవుడి పేరు పెట్టి తెచ్చినా ఉమ్మడి తీగకు కట్టకూడదు. అక్కడ సర్దుబాటు లేదు.

ఈమధ్య మా చెల్లెలు ఊరి నుంచి ఫోన్ చేసింది. వాళ్ల అబ్బాయి క్రైస్తవుల పిల్లను చేసుకున్నాడు. “అన్నా, ఇంట్లో ఇంక పూజ ఉండాలా, ప్రార్థన ఉండాలా? రెండూ ఉంటే దేవుడికి కోపం రాదా?” అని అడిగింది. నేను చెప్పింది ఇది. ఇంటి ఖర్చు, వంట, ముసలివాళ్ల సేవ, పిల్లల చదువు అన్నీ కలిసి చెయ్యండి, ఎవరికి శక్తి ఉంటే వాళ్లు ముందు మొయ్యండి, లెక్క రాసుకోవద్దు. నీ దీపం నీది, ఆ పిల్ల బైబిలు ఆ పిల్లది. రెండు వేళలు పెట్టుకోండి. నీ దీపం దగ్గర ఆ పిల్లని దండం పెట్టమని అడగొద్దు, తను నిన్ను చర్చికి రమ్మని అడగొద్దు. కానీ నువ్వు దీపం పెట్టేటప్పుడు తనని ఒకసారి కూర్చుని చూడమను, తను ప్రార్థన చేసేటప్పుడు నువ్వూ వెళ్లి కూర్చో. మిగిలింది చూసి తీర్పు చెప్పుకోవద్దు. మొదట్లో మీ ఇద్దరి మధ్యా ఉండే వేడి మీ అబ్బాయి తన మీద వేసుకోవాలి, అది వాడి బాధ్యత అని వాడికీ చెప్పాను.

దేవుడికి కోపం వస్తుందా అన్న ప్రశ్నకు జవాబు శ్రీకాళహస్తి ఎప్పుడో ఇచ్చింది. మణినీ తీసుకున్నాడు, ఆకునీ తీసుకున్నాడు, మాంసాన్నీ తీసుకున్నాడు. ఆయన దగ్గర చోటుకి కరువు లేదు. ఆ చోటులో ఎవరి వంతు ఎప్పుడో కుదుర్చుకోవడం, ఎదుటివాడి పూజను కళ్లతో చూడటం, ఆ ఏర్పాటుకయ్యే ఖర్చు ఇష్టంగా భరించడం మనకు వదిలిపెట్టాడు. నా మటుకు ఇవి పూజలో భాగాలే.